ఫోన్‌లో వద్దన్న పేజీ

“ఫోన్‌కి వేరే సైటు చెయ్యమ్మా. బస్సుల టైములు, టికెట్లు ఉంటే చాలు. ఫిర్యాదుల పేజీలాంటివన్నీ కంప్యూటర్ సైటులో ఉంచు,” అన్నాడు బస్సు కంపెనీ మేనేజరు.

“ఒకటే సైటు చాలండి. తెర ఎంతుంటే అంతకి సర్దుకుంటుంది. నమూనా చేసి తెచ్చాను,” అంటూ డిజైనరు తన ఫోన్ చూపించింది. ఫిర్యాదు బటన్ సరిగ్గా బొటనవేలి కింద ఉంది. “నొక్కితే నేరుగా మీకే వస్తుంది.”

“చిన్న తెరమీద అదెందుకు?”

“బస్సులో కడ్డీ పట్టుకుని వేలాడేవాళ్ళు కంప్యూటర్ ఎక్కడ పెట్టుకుంటారండి?”

మేనేజరు నవ్వాడు. “ఇంటికెళ్ళి కంప్యూటర్ తెరిచేసరికి సగం కోపాలు చల్లారిపోతాయి కదమ్మా. అయినా కందకు లేని దురద కత్తిపీటకెందుకు?”

వారంరోజులుగా తాము వాదించుకుంటున్నది తెర కొలత గురించి కాదని ఆమెకప్పుడు అర్థమైంది. ఒంటిచేత్తో ఏదో టైపు చేసి బటన్ నొక్కింది. బల్లమీది కంప్యూటర్ టింగుమంది.

“తలుపు మూసుకోని బస్సు. నలభై నిమిషాలు మెట్టుమీదే నిలబడ్డాను,” అని మేనేజరు పైకే చదివి, “ఎవరిది?” అన్నాడు.

“నాదేనండి. పొద్దున మీ బస్సులోనే వచ్చాను. ఆ కంద నేనే. చేస్తే ఒకటే సైటు చేస్తాను. వద్దంటే వేరే కత్తిపీటను చూసుకోండి.”