కుదుపు తగలని పెట్టె

“ఇందులో ఏముందండీ?” అన్నాడు ప్లీడరు మురళీకృష్ణ, పెట్టెను జడ్జిగారి ముందు ఊపుతూ. “పైన పెట్టె, లోపల ట్యూబు ముక్కలతో వేలాడే పళ్లెం. మన ఇళ్లలో ఉట్టి మీద పెరుగుకుండ వేలాడదా? చీర ఉయ్యాలలో బిడ్డ నిద్రపోదా? దీనికీ పేటెంటా?”

కోర్టు హాల్లో నవ్వులు. వెనక బెంచీ మీద సంపూర్ణమ్మ పళ్లు కొరికింది.

ఆమె భర్త చిట్టియ్య చేసిన పెట్టె అది. ఆత్రేయపురం నుంచి బండి మీద పంపిన పూతరేకులు గోతుల కుదుపులకి పొడి అయిపోయేవి. ఆయన సైకిలు ట్యూబు కోస్తూ, కడుతూ, విప్పుతూ, మళ్లీ బిగిస్తూ, అన్నం చల్లారిపోతున్నా లేచేవాడు కాదు. పెట్టె కుదిరిన ఏడాదే పోయాడు. చదువు లేని మనిషి, గీసిన బొమ్మ గానీ రాసిన కాగితం గానీ మిగల్చలేదు.

ఇప్పుడు ఆ పెట్టెలు చేసే షెడ్డే సంపూర్ణమ్మకి కూడు. తీర్పు తేడా వస్తే షెడ్డుకి తాళమే.

పేటెంటు నిలవాలంటే అది మామూలు పనివాడికి తట్టని ఆలోచన అయివుండాలి. తట్టేదే అయితే చెల్లదు. వాదనంతా దాని మీదే.

“ఉట్టంట. ఆ నోరు పడిపోను,” అని గొణిగింది సంపూర్ణమ్మ.

“ఊరుకో పిన్నీ, జడ్జిగారు చూస్తున్నారు,” అంది షెడ్డులో పనిచేసే హైమ.

“చూడనీ. మీ బాబాయే ఉంటే ఈయన్ని ఆ పెట్టెలో కుక్కి రావులపాలెం దాకా ఊపుకుంటూ తీసుకెళ్లేవాడు.”

ఆమెను బోనెక్కించారు.

“బిడ్డలకి ఉయ్యాల కట్టారామ్మా?” అడిగాడు మురళీకృష్ణ.

“కట్టాను.”

“కుదుపుకి పూతరేకు విరక్కూడదంటే ఏం చేస్తారు?”

“వేలాడదీస్తాను.”

“అంటే ఎవరికైనా తట్టేదేగా?”

అతని చెంప పగలగొట్టాలనిపించింది. ట్యూబు ముక్కల మధ్య వంగి కూర్చున్న చిట్టియ్య వీపు కళ్లముందు మెదిలింది. బోను కొయ్యని గోళ్లతో గీరింది.

“తట్టేదేనండి,” అంది చివరికి.

నెల తిరిగేసరికి తీర్పు వచ్చింది. ఇందులో కొత్త తెలివేమీ లేదు, పేటెంటు చెల్లదు.

సంపూర్ణమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

చిట్టియ్య పెట్టెను కాపీ కొట్టి, తమ పేరున పేటెంటు తీసుకుని, ఆమె షెడ్డు మూయించమని దావా వేసిన కంపెనీవాళ్లు లేచి వెళ్లిపోతుంటే, ఆమె పెట్టుకున్న ప్లీడరు మురళీకృష్ణ ఆమె దగ్గరకొచ్చి చేతులు జోడించి, “గెలిచామమ్మా, క్షమించండి, ఆయనే ముందు చేశాడనడానికి కాగితం లేదు, ఇంకో దారి లేకపోయింది” అన్నాడు.