లేటు చెయ్యని టీవీ

"మా పాతదానిలాగే ఇదీ లేటే!" ఎసెన్‌బెక్ జాయ్‌స్టిక్‌ను బల్ల మీద పడేశాడు. "చూశావుగా చెల్లెమ్మా? నేను నొక్కిన ఎంతసేపటికో తీరిగ్గా దూకుతోంది గుర్రం."

తెర మీద గుర్రం కంచెకు గుద్దుకుని, రౌతును బురదలో పడేసి, తన దారిన తాను పరుగెడుతోంది.

టీవీల దుకాణం జూరా నవ్వు ఆపుకుంది. "చూశానన్నా. కొన్ని టీవీలంతే. బొమ్మను ముస్తాబు చేసి చూపిద్దామని కూర్చుంటాయి. ఈలోపు ఆట అయిపోతుంది. ఆటకి కావలసింది అందం కాదు, చురుకు."

"నేను మొత్తుకునేదీ అదే!" అతను భార్య వైపు తిరిగాడు. "విన్నావా? తప్పు నా చేతిది కాదు."

భర్త కుడిచెయ్యి మెల్లగా కోటు జేబులోకి దూరడం బురుల్ చూసింది.

కొండల మధ్య ఉన్న నారిన్ పట్టణంలో ఎసెన్‌బెక్‌ను ఎరగనివాళ్లు తక్కువ. గుర్రాల మీద కొట్లాడుతూ మేక కళేబరాన్ని లాక్కునే ఉలాక్ పోటీల్లో ఇరవై ఏళ్లు ఆడాడు. అతని పట్టు విడిపించడం ఎవరి తరమూ కాలేదు. కిందటి అక్టోబరులో గుర్రం మీద నుంచి పడ్డాడు. భుజం ఎముక అతుక్కుంది గానీ, నరం దెబ్బతిని వేళ్లు మాట వినడం మానేశాయి. కోలుకోవడానికి నెలలు పడుతుందనీ, వేళ్లకు రోజూ పని చెప్పాలనీ డాక్టరు అన్నాడు. పిసకమని ఇచ్చిన రబ్బరు బంతిని ఎసెన్‌బెక్ ఆ రోజే కుక్కకు విసిరేశాడు. రాజధాని బిష్కెక్‌లో చదువుకుంటున్న కూతురు పంపిన ఈ గుర్రాల వీడియో గేమ్ ఒక్కటే అతనికి నచ్చింది. నచ్చిందే గానీ, ఎన్నిసార్లు ఆడినా మొదటి కంచె దగ్గరే బోర్లా పడుతున్నాడు. తప్పంతా పాత టీవీదేనని తేల్చేశాడు.

"సరైన టీవీ దొరక్కపోతే ఈ ఆటా వద్దు, కొట్టంలో గుర్రమూ వద్దు. రెండూ అమ్మేస్తా," అన్నాడు ఇంటి దగ్గర బయల్దేరుతూ.

ఇప్పుడూ లేచి టోపీ పెట్టుకున్నాడు. "ఇంక చూడక్కర్లేదు. పద బురుల్."

"ఉండన్నా," అంది జూరా. "ఆదివారానికి కొత్త సరుకొస్తుంది. ఈలోపు నాకో పని చేసిపెట్టు. ఇంట్లో పాత టీవీ మీద రోజుకు వంద కంచెలు దూకించు. ఎన్ని తప్పాయో రాసుకురా. అది ఎంత లేటో తెలిస్తేనే గదా, నీకెలాంటిది చూపించాలో తెలిసేది?"

"వందే!"

"ఉలాక్ ఆడిన మనిషివి, వందకే గుండె జారిందా?"

ఎసెన్‌బెక్ మీసం సవరించుకున్నాడు. "రెండొందలు దూకిస్తా."

ఆ ఫిబ్రవరి నుంచి ఆదివారం ఆదివారం ఇదే వరస. కాగితంతో అతను రావడం, జూరా లోపలి నుంచి టీవీ మోసుకురావడం. కంపెనీ పేరు కనపడకుండా దాని మీద అట్టముక్క అంటించి ఉండేది.

"పేరు చూస్తే మనసు మోసం చేస్తుందన్నా. చేత్తో చూసి చెప్పు."

"లేటే," అనేవాడు అతను.

"కాసేపు ఆడి చూడు. టీ పోస్తాను."

ఒక ఆదివారం తిరిగి వెళ్తూ బురుల్ దారిలోనే విరుచుకుపడింది. "ఈవిడ మనల్ని ఆడిస్తోంది! నాసిరకం సరుకంతా చూపించి, విసిగించి, చివరికి ఏ ఏనుగంత ఖరీదుదో అంటగడుతుంది. చూస్తూ ఉండు."

"పోనీలేవే. టీ బాగా పెడుతుంది."

మార్చిలో కాగితం మీద వందకు డెబ్బై తప్పులున్నాయి. ఏప్రిల్ చివరికి నలభై అయ్యాయి.

"మా పాత డబ్బాకు భయం పట్టుకుంది చెల్లెమ్మా," అన్నాడు ఎసెన్‌బెక్. "తన మీదకి కొత్తది వస్తోందని తెలిసి ఒళ్లు దాచుకోకుండా పనిచేస్తోంది."

"అలాగే ఉంటుందన్నా," అంటూ జూరా ఆ కాగితాన్ని జాగ్రత్తగా మడిచి సొరుగులో పెట్టింది.

మే నెలలో కొండల మీద మంచు పైపైకి పాకిపోయింది. బజారులో ఆ ఏటి తొలి గుర్రపుపాలు పులిసి, తోలుతిత్తుల్లో అమ్మకానికొచ్చాయి. ఆ ఆదివారం ఎసెన్‌బెక్ జాయ్‌స్టిక్ అందుకున్నాడు. మొదటి కంచె దాటింది గుర్రం. రెండోదీ దాటింది. ఐదో కంచె దగ్గర జూరా టీ పోయడం ఆపింది. తొమ్మిదో కంచె దగ్గర బురుల్ తనకు తెలియకుండానే లేచి నిలబడింది. పన్నెండో కంచె మీదుగా గుర్రం గాల్లో తేలిపోయి అవతలి పచ్చికలో దిగింది.

"టీవీ అంటే ఇదీ!" ఎసెన్‌బెక్ తొడ చరిచాడు. "ఆలోచన పుట్టేలోపే దూకుతోంది. కట్టెయ్, కట్టెయ్! ఇంకెవరైనా ఎగరేసుకుపోతారు."

ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. తనే పెట్టెలో సర్ది, తాడు బిగించి, రెండు చేతులతో ఎత్తుకుని వీధి చివరి టాక్సీ దాకా నడిచాడు. అక్కడి నుంచి కేకేశాడు. "బురుల్, త్వరగా రా! కళ్లేల దుకాణం మూసేస్తారు. గుర్రానికి కొత్తది కొనాలి!"

బురుల్ డబ్బిచ్చి కూడా కదల్లేదు. ధర వినగానే అనుమానం పెరిగిందే గానీ తగ్గలేదు. తను భయపడినదాంట్లో సగం కూడా లేదు.

"ఒక్క మాట అడుగుతా జూరా. ఇంత మంచిది, ఇంత చవకది దగ్గరుంచుకుని, మూడు నెలల పాటు ఆ చెత్తంతా ఎందుకు చూపించావమ్మా మాకు?"

జూరా గుమ్మంలోంచి వీధి చివరి దాకా చూసింది. తన మాట అతని చెవిన పడదని నమ్మకం కుదిరాక గొంతు తగ్గించింది.

"మొదటి రోజు నుంచీ చూపించింది ఇదొక్కటే, వదినా."