పనిముట్లకి కిటికీ

గోడకి బిగించిన చెక్క మీద పదిహేను అంకె తలకిందులుగా ఉంది.

"తీసెయ్యి. మళ్ళీ కొట్టు," అంది కొత్త కోడలు, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని.

"పనిముట్లకి అంకెలు చదవడం రాదులే," అన్నాడు మొగుడు. నోట్లో నాలుగు మేకులున్నాయి. మాట ముద్దముద్దగా వచ్చింది.

"నాకొచ్చు."

తీశాడు. పెళ్ళై రెండు నెలలేగా మరి.

ఆ కలపంతా పడగొట్టిన సినిమా హాలుది. నిలబెట్టిన దూలాలే నిట్టాళ్ళు, కుర్చీల వీపులే గోడలు. ఒక్కో చెక్క మీదా తెల్లరంగుతో సీటు నంబరు. కుప్పంతా తిరగేసి, వేళ్ళకి పేళ్ళు గుచ్చుకున్నా మానకుండా, పద్నాలుగునీ పదిహేనునీ పట్టుకుంది ఆమె. ఆ హాల్లో ఇద్దరూ కలిసి మొదటిసారి కూర్చున్న సీట్లవి. ఇక్కడా పక్కపక్కనే ఉండి తీరాలి.

పెరట్లో మూలగా లేస్తున్న ఆ బుల్లిగది పనిముట్లకని ఇంట్లో చెప్పారు.

నిజం చెప్పడానికి ఇద్దరికీ నోరు రాలేదు.

ఇంట్లో గదులు రెండే. ముందుగది అత్తమామలకీ ఆడపడుచుకీ. మధ్యగదిలో సగానికి ఒక తెర. తెర వెనక వీళ్ళిద్దరూ. వంటింట్లోకి వెళ్ళాలన్నా, పెరట్లోకి వెళ్ళాలన్నా తెర పక్కనుంచే దారి.

అందుకని ఆ ఇంట్లో అందరూ దగ్గుతూ నడిచేవారు.

మామగారివి రెండు దగ్గులు. అత్తగారిది ఒకటి. పరీక్షలకి చదువుకునే ఆడపడుచువి మూడు, అందులో మూడోది సగం నవ్వే.

మొదటి వారం ఇంటిల్లిపాదికీ ఏదో ఊపిరితిత్తుల జబ్బుందనుకుంది ఆమె. సంగతి తెలిశాక దిండులో మొహం దాచుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది.

తర్వాత్తర్వాత నవ్వు రావడం మానేసింది.

"మనం ఇంతవరకూ గట్టిగా పోట్లాడుకోనైనా లేదు," అంది ఒకరోజు, గుసగుసగా.

మర్నాడే అతను తండ్రి రంపానికి పదును పెట్టించాడు.

పని మొదలుపెట్టాక ఇవాళ నాలుగో ఆదివారం. మబ్బు కమ్ముకొస్తోంది. ఆమెకి కాలు ఒకచోట నిలవడం లేదు. ఒక మేకు అడిగితే మూడు అందిస్తోంది. రేకు ఇంకా కప్పలేదు. తలుపు ఇంకా గోడకి చేరబడే ఉంది.

మామగారు వచ్చారు. నలభై ఏళ్ళు వడ్రంగం చేసి, చేతులు వణుకుతున్నాయని మానేసిన మనిషి. గది చుట్టూ ఒక ప్రదక్షిణం చేశారు. నిట్టాడుని పిడికిలితో కొట్టి చూశారు.

"పనిముట్లకి కిటికీ ఎందుకురా?"

మొగుడు ఇంకో రెండు మేకులు నోట్లో పెట్టుకున్నాడు.

"గాలికి, మామయ్యగారూ," అంది ఆమె. "తుప్పు పట్టకుండా."

"ఓహో." ఆయన గడ్డం గోక్కున్నారు. "నావి నలభై ఏళ్ళూ గోనెసంచిలోనే ఉన్నాయమ్మా. పాపం, వాటికి గాలి కావాలని తెలీదు."

రేకు కప్పి, తలుపు నిలబెట్టే వేళకి చినుకులు మొదలయ్యాయి. గడియ చేతిలో పట్టుకుని మొగుడు ఆమె వంక చూశాడు. మామగారు ఇంకా అక్కడే నిలబడి ఉన్నారు.

పనిముట్ల గదికి గడియ ఎక్కడుంటుంది? బయటే.

బయటే బిగించాడు.

చివరి స్క్రూ తిరిగిందో లేదో, అత్తగారు ఆడపడుచు చేత ట్రంకుపెట్టె మోయించుకుంటూ వచ్చారు. అత్తగారి చేతిలో కాలు విరిగిన కుర్చీ.

"హమ్మయ్య, ఇన్నాళ్ళకి ఇంట్లో అడ్డం తీరింది. అటు గోడవారగా పెట్టవే."

"అమ్మా, అవన్నీ ఇందులో..."

"ఏం, నీ సుత్తికి ఇరుకవుతుందా?"

ఆడపడుచు కిసుక్కుమంది. పెట్టె వెళ్ళి సరిగ్గా పద్నాలుగూ పదిహేనుల ముందు కూర్చుంది. అంకెలు రెండూ కనిపించకుండా పోయాయి.

వాన జోరందుకుంది. ఆమె వంటింట్లోకి వచ్చి కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. మధ్యగదిలోకి వెళ్ళింది. తెర వెనక ఎవరూ లేరు. అయినా, అలవాటుగా, తనే దగ్గింది.

వాన వెలిశాక పెరట్లో ఏదో టకటకమంది. పరుగెత్తింది.

మామగారు గడియ ఊడదీస్తున్నారు. చెయ్యి వణికి స్క్రూడ్రైవరు జారిపోతోంది. కొడుకు చెయ్యి చాపినా ఇవ్వడంలేదు.

"తప్పుగా బిగించాడు వెధవ," అన్నారు, ఎవరి వంకా చూడకుండా.

తలుపు తిప్పారు. గడియని లోపలివైపు ఆనించారు.

"ఇక్కడ పట్టుకో అమ్మా."

పట్టుకుంది.

నాలుగు స్క్రూలు. చాలాసేపు పట్టింది.

"ఏమేవ్!" ఇంటివైపు కేకేశారు. "ఆ పెట్టె, కుర్చీ ఇంట్లోకి తెచ్చేసుకో. ఇక్కడ చెద పడుతుంది."

"ఇవాళ వేసిన గదికి ఇవాళే చెదేమిటండీ?" అంటూ వచ్చిన అత్తగారు తలుపు దగ్గర ఆగారు. గడియ చూశారు. వంగి, పెట్టెకి ఒకవైపు తనే పట్టుకున్నారు.

లైట్లు వేసే వేళకి పరుపు పెరట్లోకి నడిచింది.

ఆమె గడియ వేసింది. తీసింది. మళ్ళీ వేసింది. ఆ చప్పుడు ఎంత బాగుందో!

"పద్నాలుగు వైపు నేను," అంది.

"కుదరదు. మోసింది నేను."

"వెతికింది నేను!"

గట్టిగానే పోట్లాడుకున్నారు. పెళ్ళైన దగ్గర్నుంచి అదే మొదటిసారి.

కిటికీలోంచి వంటిల్లు కనిపిస్తోంది. మధ్యగది దాటుకుని మామగారు మంచినీళ్ళకి వచ్చారు.

తాగారు. గ్లాసు బోర్లించారు.

దగ్గకుండానే వెళ్ళిపోయారు.