పదమూడో సాక్సు

"ఆ వైరు అక్కడ నలిగిపోతోందమ్మా. స్విచ్ వేయకండి."

స్టూలెక్కి వరండా గ్రిల్లుకి సీరియల్ లైట్లు చుడుతున్న టైలరమ్మ ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది.

గేటు బయట ఓ పొడుగాటి మనిషి. నలిగిన చొక్కా. వారం రోజుల గడ్డం.

"మా ఇంట్లో రిపేర్లేం లేవు. వెళ్ళు."

"పని కోసం రాలేదమ్మా. గ్రిల్లు తలుపు మూసినప్పుడల్లా ఆ బందు దగ్గర..."

"ఒకసారి చెబితే అర్థం కాదా?"

ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. వెళ్ళలేదు.

ఈ ఇంట్లోకి వచ్చాక టైలరమ్మకి ఇదే మొదటి క్రిస్మస్. ఏడింటికి పాటలు పాడేవాళ్ళు ఇల్లిల్లూ తిరుగుతూ వస్తారు. వీధి వీధంతా వాళ్ళ వెనకే వస్తుంది. అప్పటికి తన వరండా ధగధగలాడిపోవాలి.

పొద్దున్నే నేలంతా కడిగింది. మిగిలిన ఎర్ర మఖమల్ ముక్కలతో పన్నెండు బుల్లి సాక్సులు కుట్టి, తాడు మీద క్లిప్పులు పెట్టి వరసగా వేలాడదీసింది.

"అమ్మా! స్టార్ వెలగ్గానే నేను గ్రిల్లెక్కి దాన్ని ముట్టుకుంటా!"

కూతురు చిట్టి. అయిదేళ్ళు. కాళ్ళకి చెప్పులుండవు, నోటికి తాళం ఉండదు.

"నీకంటే ముందు స్టార్ రానీవే తల్లీ" అని చిట్టిని రెక్క పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది టైలరమ్మ.

స్టార్ అట్టపెట్టెలో అడుగున ఉంది. వెతికి తీసేసరికి పది నిమిషాలు.

బయటికొచ్చేసరికి ఆ మనిషి వరండాలో ఉన్నాడు.

చేతిలో కటింగ్ ప్లయర్. కాళ్ళ దగ్గర రెండు ముక్కలైన వైరు.

"దొంగ! దొంగ!"

ఎదురింటి డ్రిల్లు మాస్టారు మెడలో విజిల్‌తో సహా ఊడిపడ్డాడు. వస్తూనే ఆ మనిషి కాలర్ అందుకున్నాడు.

"పట్టపగలేనట్రా! రాగి కోసం పండగ పూట ఇళ్ళ మీద పడతావా?"

"కాదు సార్. ఆ వైరు..."

"జేబులు తియ్!"

ఒక జేబులో టెస్టర్, నల్ల టేపు చుట్ట.

రెండో జేబు మీద ఆయన చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. మాస్టారు ఆ చేతిని విదిలించి కొట్టి, జేబులోంచి లాగాడు.

ఎర్రటి బుల్లి సాక్సు.

"చూశారా మాస్టారూ! స్టార్ తెచ్చుకునేలోగా సాక్సు కూడా నొక్కేశాడు!"

"అది మీది కాదమ్మా."



"వెయ్యి బట్టల్లో పడేసినా నా కుట్టు నేను గుర్తుపడతానయ్యా! నాకే చెబుతావా?" సాక్సు లాక్కుంది. "పసిపిల్లల సాక్సు మీద చెయ్యి ఎలా వేశావసలు? నీకు పిల్లల్లేరూ?"





టైలరమ్మ ఆ సాక్సుని విసురుగా తాడు చివర ఖాళీ క్లిప్పుకి తగిలించింది. ఆయన దానివైపు చూస్తూ నిలబడ్డాడు.

"కరెంటు పని తెలిసినవాళ్ళకి చూపించి అప్పుడు స్విచ్ వేయండమ్మా. చాలు" అన్నాడు.

మాస్టారు ఆయన మెడ మీద చెయ్యి వేసి నెట్టాడు. గేటు దగ్గర మోకాళ్ళ మీద పడ్డాడాయన. లేచాడు. వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

"పాపం అమ్మా, ఆయన ఏడుస్తున్నాడు."

"దొంగ ఏడుపులే. నువ్వు నడు."

ఆరింటికి ఎలక్ట్రీషియన్ వచ్చాడు. తెగిన వైరు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దొంగ కోశాడన్నారు?"

"అవునన్నా. రాగి కోసం."

"రాగి కావలసినవాడు ఇలా కోసి వదిలేయడమ్మా. ప్లగ్గు వైపు కొసకి టేపు కూడా చుట్టాడు చూడండి."

తర్వాత గ్రిల్లు తలుపు బందు దగ్గర వంగాడు. చాలాసేపు లేవలేదు.

"ఇలా రండి. పైతోలు ఊడిపోయి రాగి ఇనుముకి తగులుతోంది. స్విచ్ వేసి ఉంటే గ్రిల్లంతా కరెంటే. మళ్ళీ కడిగినట్టున్నారు, కిందేమో తడి నేల."

టైలరమ్మ తల తిప్పింది.

ఆ గ్రిల్లు పట్టుకునే ఊగుతోంది చిట్టి. ఒట్టి కాళ్ళతో.

ఒక్క ఉదుటున వెళ్ళి కూతుర్ని చంకనేసుకుంది.

"మూడేళ్ళ కిందట వెనక వీధిలో ఇలాగే అయిందమ్మా" అన్నాడు ఎలక్ట్రీషియన్, సామాను సర్దుకుంటూ. "నాలుగేళ్ళ పాప. చేతిలో సాక్సు. తగిలిద్దామని ఇంకో చేత్తో గ్రిల్లు పట్టుకుంది. సరిగ్గా అప్పుడే లోపల స్విచ్ వేశాడు కన్నతండ్రి."

"అయ్యో! తల్లెలా తట్టుకుందో..."

"తల్లి పురిట్లోనే పోయింది. జడ వేసినా, అన్నం పెట్టినా అన్నీ ఆయనే."

దూరంగా పాటలు మొదలయ్యాయి. వీధి మలుపు తిరుగుతున్నారు.

చిట్టి చంకలోంచే వేలు చూపిస్తూ లెక్కపెడుతోంది.

"పదకొండు, పన్నెండు, పదమూడు... అమ్మా, నువ్వు పన్నెండేగా కుట్టావు?"



'నీకు పిల్లల్లేరూ?' తన గొంతే తన చెవుల్లో మోగింది.

గేటు దాకా పరుగెత్తింది. వీధిలో పాటలవాళ్ళు తప్ప ఎవరూ లేరు.

తిరిగి వచ్చి, చివరి క్లిప్పు విప్పింది. సాక్సుని తిరగేసి, దీపం కిందికి తెచ్చి, పొద్దున చూడాల్సిన కుట్టుని ఇప్పుడు చూసింది.

మిషను కుట్టు కాదది. సూది పట్టుకోవడం కూడా చేతకాని ఓ తండ్రి, తన పాప కోసం వంకర టింకరగా వేసుకున్న చేతికుట్టు.