అభ్యంతరం

"అది మా పాప కుర్చీ. లేవండి," అంది తల్లి.

ప్రజాభిప్రాయ సభకి హాల్లో కుర్చీలన్నీ నిండిపోయాయి. పెద్దాయన లేచి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"టీ కోసం వచ్చుంటాడు," అన్నారెవరో. తల్లి కూడా నవ్వింది.

పాప పిల్లికూతలతో ఊపిరి లాగుతోంది.

"ఏమైందమ్మా పాపకి?" అడిగాడు పెద్దాయన.

"కనపడట్లేదా? బొగ్గు ప్లాంటు పొగ. దాన్ని ఇంకా పెంచితే నా బిడ్డ నాకు దక్కదు."

ఆయన పాపనే చూస్తూ ఉండిపోయాడు.

వేదిక మీద కరెంటు అధికారి గొంతు సవరించుకున్నాడు.

"ఉన్న కరెంటు చాలట్లేదు. గాలిమరలు తిరిగేంత గాలి ఇక్కడ లేదు. సోలార్ ఒక్కటే సరిపోదు. ఇక రెండే దారులు. బొగ్గు ప్లాంటు పెంచడం, లేదా పైన లోయలో ఆనకట్ట కట్టి నీటితో కరెంటు తీసి, ఆ ప్లాంటు మూసేయడం. మేం ఆనకట్టే అనుకుంటున్నాం. అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పాలి."

పెద్దాయన చెయ్యెత్తాడు.

తల్లి గిరుక్కున తిరిగి చూసింది. మధ్యలో అడ్డుపుల్ల వేయడానికి ఈయనెవరు?

ఆయన మరోసారి పాపకేసి చూశాడు. ఎత్తిన చెయ్యి మెల్లగా దించాడు.

"ఏం లేదు సార్. ఆ పాపకి కాసిని మంచినీళ్లు ఇప్పించండి."

హాలంతా గొల్లుమంది. దీనికా ఇంత బిల్డప్ అని ఒకటే నవ్వులు.

ఆనకట్ట కట్టారు. బొగ్గు ప్లాంటు మూతబడింది. పిల్లికూతలు ఆగిపోయిన పాప పట్టపగ్గాల్లేకుండా పరుగులు మొదలుపెట్టింది.

ఆనకట్ట చూడటానికి వెళ్లిన రోజు గట్టు మీద ఆ అధికారే కనిపించాడు.

"ఆవేళ నీళ్లకోసం చెయ్యెత్తిన పెద్దాయన్ని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది సార్," అంది తల్లి.

అధికారి నవ్వలేదు.

"పోయారమ్మా. ఎక్కడో అద్దెగదిలో, ఒంటరిగా."

"అయ్యో! ఎవరాయన?"

"అందరూ వెళ్లిపోయాక లోయలో ఒక్క ఇల్లే మిగిలింది. అది ఆయనది. ఆయన వద్దంటే చట్ట ప్రకారం ఆనకట్ట లేదు. బొగ్గుకే వెళ్లాల్సి వచ్చేది. వద్దని చెప్పడానికే ఆవేళ వచ్చారట. సంతకం కోసం ఇంటికి వెళ్తే అప్పుడు తెలిసింది."

తల్లికి ఏడుపు పొంగుకొచ్చింది. కుర్చీలోంచి లేపేసింది తనే.

"మరి వద్దని ఎందుకు చెప్పలేదు సార్?"

అధికారి గట్టు మీద గెంతుతున్న పాపకేసి, ఆ తర్వాత నీళ్లకేసి చూశాడు.

"ఆ ఇంటి పెరట్లో, మీ పాప వయసులోనే పోయిన కూతుర్ని పూడ్చుకున్న తండ్రమ్మా ఆయన."