రాహువు చాటున

ఒక్క అక్షరం నొక్కితే చాలు, పరీక్షకు కావలసిన చిప్ డిజైన్ కంపైలర్ దానంతటదే ఇన్‌స్టాల్ అవుతుంది. కానీ రాహుకాలంలో నొక్కితే, ఎనిమిదేళ్ల విరామం తర్వాత ఇవాళ రాయబోతున్న ఉద్యోగపు పరీక్ష ఏమైపోతుంది? మధ్యాహ్నం పన్నెండుకే పరీక్ష. నల్లటి తెరమీద ‘కొనసాగించాలా? వై/ఎన్’ అన్న ప్రశ్న పక్కన కర్సర్ మిణుకుమంటోంది.

“ఏమ్మే తాయారూ, ఇంకా నొక్కలేదా?” అత్త ఆండాళమ్మ వంటింట్లోంచి వచ్చింది.

“రాహుకాలం గదత్తా. మీరే ఆగమంటిరి.”

“అది తొమ్మిదికి చెప్పిన మాట! శనివారం గదా, రాహుకాలం పదిన్నరకే పోయె. ఇప్పుడు పదకొండున్నర.”

తాయారు గడియారం వైపు చూడలేదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. గంట నుంచి తను రాహువు చాటున దాక్కుని ఉంది.

“పరీక్షంటే భయమైతే భయమని చెప్పు. పాపం, ఆ రాహువు మీద ఎందుకే పెడతావు?”

తాయారుకు నవ్వు ఆగలేదు. అత్తకూ ఆగలేదు. కళ్లు తుడుచుకుంటూ, నవ్వుతూనే, తాయారు ‘వై’ నొక్కింది.