మెర్ల్ గారి కూతురు

పన్నెండో గది తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు క్రెయిగ్. ఆ ఓల్డేజ్ హోమ్‌కి మేనేజరుగా వచ్చి నెల కూడా కాలేదు. పెద్దాయన గురువారం పడ్డాడనీ, విశ్రాంతిగా ఉన్నాడనీ, చూడాలంటే కూతురి అనుమతి తెమ్మనీ అన్నాడు.

లొరెటా మెడలోని కార్డు ఎత్తి చూపించింది. ఆమె అంబుడ్స్‌మన్. ఇలాంటి హోముల్లో ఉండేవాళ్ల కష్టసుఖాలు వినడానికి ప్రభుత్వం పెట్టిన మనిషి. అరవై నాలుగేళ్ల వయసులో, నెబ్రాస్కా మంచులో, జీతం లేకుండా చేసే పని. అంబుడ్స్‌మన్ ఏ గదికైనా వెళ్లొచ్చనీ, తలుపు వేసుకుని మాట్లాడొచ్చనీ ఉన్న చట్టం కాగితం తీసి అతని చేతిలో పెట్టింది. క్రెయిగ్ దాన్ని రెండుసార్లు చదివి పక్కకి తప్పుకున్నాడు. ఫోన్ మాత్రం మోగకుండా చూసుకోమన్నాడు.

"మోగితే కదా. నాకు ఫోన్ చేసేది రాంగ్ నంబర్ల వాళ్లే" అంది లొరెటా.

మెర్ల్ మంచం మీద కూర్చుని ఉన్నాడు. తొంభై ఒక్కేళ్ల మొహం, ఎడం పక్కంతా కమిలి నల్లబడింది. ఆమెని చూడగానే చేత్తో జుట్టు సర్దుకున్నాడు.

"వచ్చావా అమ్మాయ్. పొద్దుటే షర్టు మార్చుకుని కూర్చున్నా."

లొరెటా కుర్చీని మంచం దగ్గరికి లాక్కుంది. తన కోసం షర్టు మార్చుకునేవాళ్లు ఆ జిల్లాలో ఇంకెవరూ లేరు.

ఎలా పడ్డారని అడిగింది. బెల్లు నొక్కి గంటసేపు చూశాడట. ఎవరూ రాకపోతే బాత్‌రూముకి తనే లేచాడట. హోమ్ వాళ్లు ఫైల్లో ఏం రాసుకున్నారో చూడాలనీ, దానికి ఆయన సంతకం కావాలనీ చెప్పి లొరెటా కాగితం ఒళ్లో పెట్టింది. ఆయన బింగో ఆటలో దొంగాట ఆడే పక్కగది ముసలావిడ గురించి చెప్పాడు, ఈ ఏటి మొక్కజొన్న ధర అడిగాడు, పెన్ను మాత్రం పట్టుకోలేదు.

"నా ఫైలు నువ్వు చూడకమ్మా. ఇంకెవర్నైనా పంపించు."

వీళ్లకి భయపడుతున్నాడనుకుంది. ఎవరూ మిమ్మల్ని ఏమీ అనరని ధైర్యం చెప్పింది. ఆయన కిటికీ వైపు తిరిగాడు. బయట కోసేసిన చేను మీద మంచు తప్ప ఏమీ లేదు.

పోనీ మీ అమ్మాయికైనా చెప్పారా అంటే, దానికి ఊరూరా తిరిగే ఉద్యోగమనీ, విసిగించకూడదనీ అన్నాడు. చెబుతుంటే ఆ కమిలిన మొహంలోనూ కాస్త గర్వం కనిపించింది. రెండేళ్లలో లొరెటా ఆ కూతుర్ని ఒక్కసారీ చూడలేదు. ఉండీ రాని కూతురికంటే అసలు లేకపోవడమే నయమనుకుంది. తనకి ఎవరూ లేరు కాబట్టి అలా అనుకోవడం తేలిక.

లేస్తూ తన కార్డు ఇవ్వబోయింది.

"ఉందిలే. మొదటిసారి ఇచ్చిందే దాచుకున్నా" అన్నాడు మెర్ల్.

బయటికి రాగానే క్రెయిగ్‌ని కడిగేసింది. గంటసేపు బెల్లు మోగితే ఒక్కరూ వెళ్లలేదు. మనిషి పడి ఐదు రోజులైంది. కనీసం ఇంట్లోవాళ్లకైనా చెప్పారా అని నిలదీసింది.

క్రెయిగ్ మొహం ఎర్రబడింది. బెల్లు సంగతి తప్పేనని ఒప్పుకున్నాడు. కూతురికి మాత్రం ఆ రోజే తన సెల్ నుంచి తనే చేశాడట. ఎత్తకపోతే వాయిస్ మెసేజ్ పెట్టాడట. మెసేజ్‌లో మనిషి పేరూ, హోమ్ పేరూ చెప్పకూడదని వాళ్ల రూలు. అందుకే, మీ నాన్నగారు పడ్డారు, ఒకసారి రండి అని మాత్రం చెప్పాడట.

"ఇంతవరకూ తిరిగి చెయ్యలేదు మేడమ్. రాలేదు."

"ఏం కూతురండీ" అంది లొరెటా, మనసులో మాట ఆపుకోలేక.

"నమ్మకపోతే మీ ఎదురుగానే చేస్తా, చూడండి" అంటూ ఫైలు తెరిచి, కూతురు అని రాసి ఉన్న గడిలోని నంబరు నొక్కాడు క్రెయిగ్.

వెనక తలుపు తెరుచుకుంది. వాకర్ పట్టుకుని మెర్ల్ గుమ్మంలో నిలబడ్డాడు.

"చెయ్యకు బాబూ. వద్దు."

లొరెటా భుజానికున్న బ్యాగులో ఫోన్ మోగింది.

ముగ్గురూ అది మోగుతుంటే వింటూ ఉండిపోయారు. మెర్ల్ తల వంచుకుని, "చేరిన కొత్తలో, ఫారంలో ఇంట్లోవాళ్ల గడి ఖాళీగా వదలకూడదన్నారమ్మాయ్" అన్నాడు.

లొరెటా ఫోన్ తీసి తెర మీది నంబరు చూసింది. గురువారం నాడు "మీ నాన్నగారు" అన్నంతవరకే విని, తన తండ్రి పోయి ఇరవై ఏళ్లయింది కదా, రాంగ్ నంబరని చెరిపేసిన మెసేజ్ వచ్చింది ఆ నంబరు నుంచే.